శిశువుల వినికిడి యంత్రమునకు బేరా పరీక్ష కొలబద్ద కాగలదా?

కంటిచూపు తగ్గినవారికి కళ్ళద్దములు అమర్చుట అంత కష్టమైన పని కాదు. గోడకు తగిలించిన అక్షరములను చదివించి, ఒక అద్దము తీసి మరియొకటి పెట్టి, "ఇది బాగున్నదా, అది బాగున్నదా" అని అడిగినచో చూచువాడే సమాధానము చెప్పును. పెద్దలకు వినికిడి యంత్రమును అమర్చుటయు దాదాపు ఇట్టిదే. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, స్వరము వినబడినప్పుడెల్ల మీట నొక్కుచుండిన చాలును. ఏ పౌనఃపున్యము వద్ద ఎన్ని డెసిబెల్ల లోపమున్నదో కాగితముపై గీత గీయవచ్చును. కాని ఆరు నెలల శిశువు మీట నొక్కడు. వినబడినదో లేదో చెప్పడు. చెప్పుటకు మాటలు రావలెనన్నను ముందుగా ఆ చెవికి మాట అందవలెను. మరి ఎవరిని అడిగి ఆ శిశువునకు యంత్రమును అమర్చవలెను?

ఈ ప్రశ్నకు 1970 తరువాత వైద్యులకు ఒక సమాధానము దొరికినది. శిశువును అడుగనక్కరలేదు, అతని మెదడు కాండమును అడుగవచ్చును అనునదే ఆ సమాధానము. ఇందులకై చేయు పరీక్షకు మెదడు కాండపు శ్రవణ ప్రతిస్పందన పరీక్ష అని పేరు. మన ఆస్పత్రులలో అందరును దానిని 'బేరా' అనియే పిలుచుచున్నారు కావున మనమును ఆ పేరునే వాడుదము. పసిబిడ్డలలో వినికిడి లోపమును కనిపెట్టుటలో ఈ పరీక్ష చేసిన మేలు గొప్పది. ఐతే ఏ యంత్రము కావలెను, దానిని ఎంత గట్టిగా పలికింపవలెను అను విషయములను కూడ ఈ పరీక్షయే తేల్చివేయునను నమ్మకము ఒకటి దాని వెంట బయలుదేరినది. ఆ నమ్మకములో నిజమెంత, అత్యాశ ఎంత అని పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ పరిశీలన నగరములలోని నిపుణులకే గాక పల్లెలకును కావలసినది. పాలకుర్తిని ఉదాహరణముగా తీసికొందము. ఇది పాల్కురికి సోమనాథుని ఊరు. జనులు పాడుకొనుటకును, వినుటకును అనువైన ద్విపదలో బసవపురాణమును వ్రాసిన కవి ఆయన. 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, అప్పటినుండి జనగామ జిల్లాలో చేరిన ఈ ఊరికి వరంగల్లు సుమారు 50 కిలోమీటర్లు. హైదరాబాదు వంద కిలోమీటర్లకు పైమాటయే. ఇచ్చటి ఒక తల్లి, తన బిడ్డ పిలుపునకు సరిగా తిరుగుట లేదని అనుమానించి, బస్సెక్కి నగరమునకు పోయి, బిడ్డను నిద్రపుచ్చి, పరీక్ష చేయించి, ఒక కాగితముతో తిరిగి వచ్చినదనుకొందము. మరల పోవలెనన్న ఒక దినపు కూలి పోవును, దారి ఖర్చులు కావలెను. కావున ఆ ఒక్క కాగితముపైననే బిడ్డ చెవికి ఎంత శబ్దము పంపవలెనను నిర్ణయము ఆధారపడిపోవచ్చును. ఆ కాగితముపైనున్న గీతలు ఏమి చెప్పునో, ఏమి చెప్పలేవో ఆ ఊరి ఉపాధ్యాయునకు తెలిసియుండుట ఆ తల్లికి పెద్ద సహాయము.

పరీక్ష జరుగు విధము

శబ్దము లోపలి చెవిలోని కర్ణావర్తమును చేరగానే అచ్చటి కేశకణములు దానిని విద్యుత్సంకేతములుగా మార్చును. ఆ సంకేతములు శ్రవణనాడి వెంట మెదడు కాండమునకును, అచ్చటినుండి మజిలీ మజిలీగా మెదడు పైభాగమునకును పోవును. బేరా పరీక్షలో శిశువు నిద్రించుచుండగా నుదుటిపైనను, చెవుల వెనుకను చిన్న ఎలక్ట్రోడులను అతికింతురు. చెవిలో సెకండుకు ఇరువది మార్లకు అటునిటుగా 'టిక్ టిక్' మను శబ్దము వినిపింతురు. దీనిని క్లిక్కు అందురు. ఒక్కొక్క క్లిక్కు నిడివి సెకండులో పదివేలవ వంతు మాత్రమే.

ప్రతి క్లిక్కు తరువాత మొదటి 10 మిల్లీసెకండులలో ఐదు నుండి ఏడు చిన్న అలలు బయలుదేరును. పెద్దలలో, శబ్దము గట్టిగా ఉన్నచో, మొదటి అల సుమారు ఒకటిన్నర మిల్లీసెకండులకును, ఐదవ అల సుమారు ఐదున్నర మిల్లీసెకండులకును వచ్చును. పసివారిలో మరికొంత ఆలస్యమగును. శబ్దమును తగ్గించిన కొలది ఐదవ అల చిన్నదగుచు, వెనుకబడుచు, చివరకు మాయమగును. అది చివరిసారిగా కనబడిన తీవ్రతయే ఈ పరీక్ష ఇచ్చు ముఖ్యమైన కొలత. దీనిని అవధి అందము.

ఈ అలలను చూచుట అంత తేలిక కాదు. తలపై ఎల్లప్పుడును పదుల మైక్రోవోల్టుల విద్యుత్తు అలజడి యుండును. ఐదవ అల అర మైక్రోవోల్టు కూడ ఉండకపోవచ్చును. సంతలో ఒకడు చెవిలో చెప్పిన మాటను దూరమునుండి వినుట వంటిది ఈ పని. దీనికి ఉపాయము సరాసరి. అలజడి ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి ఇష్టము వచ్చినట్లు పోవును. ప్రతిస్పందన మాత్రము ప్రతి క్లిక్కు తరువాతను అదే సమయమునకు వచ్చును. వేలకొలది రికార్డులను కలిపి సరాసరి తీసినచో అలజడి తనలో తాను కొట్టుకొనిపోవును, అల నిలుచును. ఎన్ని రికార్డులు తీసితిమో ఆ సంఖ్య యొక్క వర్గమూలము వంతున అలజడి తగ్గును. 1600 రికార్డుల సరాసరిలో అలజడి 40వ వంతగును. అనగా 20 మైక్రోవోల్టులు అర మైక్రోవోల్టునకు దిగును. వడపోత సర్క్యూట్లు దానిని ఇంకను తగ్గించును. అలజడిని మరల సగమునకు తగ్గింపవలెనన్నచో రికార్డులను నాలుగింతలు చేయవలెను. ఈ లెక్కను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని ఉన్నది.

మానవుని తలపైనుండి మెదడు విద్యుత్తును రికార్డు చేసిన ఫలితములను జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించెను. మెదడు కాండమునుండి వచ్చు ఈ సూక్ష్మమైన అలలను అమెరికాలో డాన్ జ్యువెట్టు తన సహచరులతో కలిసి 1970లో వెల్లడించెను. 1974లో కర్ట్ హీకాక్సు, రాబర్ట్ గాలంబోసు అను ఇరువురు వీటిని పసిబిడ్డలలో కొలిచి, వినికిడి పరీక్షకు పనికివచ్చునని చూపిరి. ఈ గాలంబోసే తన యౌవనమున డొనాల్డ్ గ్రిఫిన్‌తో కలిసి గబ్బిలములు ప్రతిధ్వనిని విని దారి తెలిసికొనునని నిరూపించినవాడు.

ఈ పరీక్ష యొక్క హద్దును ఒక ఉపమానముతో చెప్పుదము. సికింద్రాబాదునుండి బయలుదేరిన రైలు ఆలేరు, జనగామ, ఘనపురము దాటి కాజీపేట చేరును. ఏ స్టేషనుకు ఎన్ని గంటలకు వచ్చినదో తెలిసినచో దారిలో ఎక్కడ ఆలస్యమైనదో చెప్పవచ్చును. కాని రైలు కాజీపేట చేరినంత మాత్రమున అందులోని ప్రయాణికుడు వరంగల్లులోని తన ఇల్లు చేరినాడని చెప్పలేము. బేరా అలలు స్టేషను మాస్టరు వ్రాసికొన్న వేళలు వంటివి. శబ్ద సంకేతము మెదడు కాండము వరకు వచ్చినదని అవి చెప్పును. పైన మెదడు దానిని మాటగా గ్రహించినదా అనునది వాటికి తెలియదు.

1983 నాటి ఆశ

పరీక్ష పసివారికి పనికివచ్చునని తేలిన పిమ్మట సహజముగా మరియొక ఆలోచన పుట్టినది. యంత్రము లేకుండ ఒకసారి, యంత్రమును చెవికి పెట్టి మరియొకసారి బేరా తీసినచో, యంత్రము ఎంత మేలు చేయుచున్నదో నేరుగా కనబడదా? 1982లో పాల్ కైలనీ ఈ అలలను యంత్రపు పనితనమునకు గుర్తులుగా వాడవచ్చునని వ్రాసెను. 1983లో హీకాక్సు వినికిడి యంత్రముల ఎన్నికలో ఈ పరీక్షకు గల పాత్రను గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. మామూలు సంభాషణ అంతటి శబ్దమునకు ఐదవ అల ఆరోగ్యవంతుని చెవిలో వచ్చు వేళకే వచ్చునట్లు యంత్రపు వృద్ధిని సవరింపవలెను. శబ్దము పెరిగిన కొలది అల ఎంత వేగముగా ముందుకు జరుగుచున్నదో చూచి యంత్రము గట్టి శబ్దములను ఎంత అణచవలెనో నిర్ణయింపవలెను. ఇదియే ఆ పద్ధతిలోని ముఖ్య భావము.

ఈ భావమును తక్కువ చేసి మాటలాడుట న్యాయము కాదు. ఆనాడు పసివారికి యంత్రమును అమర్చుట చాల మట్టుకు ఊహ. గంట మ్రోగించి, గిలకను ఆడించి, బిడ్డ కన్ను కదిలినదా అని చూచి అంచనా వేయుచుండిరి. అట్టి స్థితిలో కాగితముపై అచ్చగు ఒక కొలత దొరకుట పెద్ద ముందడుగు. పైగా ఆనాటి యంత్రములలో పెక్కు శబ్దమును వచ్చినది వచ్చినట్లుగా పెంచి పంపు సాధారణమైన ఆంప్లిఫయర్లు. క్లిక్కును ఎంత పెంచునో మాటనును దాదాపు అంతే పెంచునను ఊహకు అప్పుడు కొంత ఆధారము కలదు.

ఆశకు తగిలిన దెబ్బ

ఐనను ఆ ఊహయే పద్ధతికి బలహీనత ఐనది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రమునందలి ఒమాహా నగరములో మైకేల్ గోర్గాయు, అతని సహచరులును 1987లో ప్రకటించిన పరిశోధనలో, యంత్రము శబ్దము మొదలైన క్షణమున ఇచ్చు వృద్ధిని, శబ్దము నిలకడగా సాగునప్పుడు ఇచ్చు వృద్ధితో పోల్చి చూచిరి. గట్టి శబ్దమును అణచు సర్క్యూటు గల యంత్రములలో ఆ అణచివేత పనిలోనికి దిగుటకు కొన్ని మిల్లీసెకండులు పట్టును. క్లిక్కు నిడివి మిల్లీసెకండులో పదవ వంతు. అనగా యంత్రము మేలుకొనునప్పటికి క్లిక్కు ముగిసియుండును. మాట అట్లు కాదు. ఒక్క అచ్చు పలుకుటకే వంద మిల్లీసెకండులు పట్టవచ్చును. కావున యంత్రము క్లిక్కును ఎట్లు పెంచినదో చూచి, మాటను ఎట్లు పెంచునో చెప్పుటకు వీలులేదు.

నేటి డిజిటల్ యంత్రములతో ఈ చిక్కు ఇంకను పెరిగినది. వచ్చిన శబ్దమును అంకెలుగా మార్చి, లెక్క వేసి, మరల శబ్దముగా మార్చి పంపుటకు ఈ యంత్రములు కొన్ని మిల్లీసెకండులు తీసికొనును. సంభాషణలో ఆ ఆలస్యము ఎవరికిని తెలియదు. కాని మనము కొలుచుచున్న ఐదవ అల వేళయే ఐదున్నర మిల్లీసెకండులు. యంత్రము దానికి మరి ఐదు మిల్లీసెకండులు కలిపినచో వేళ దాదాపు రెట్టింపగును. ఇక అల వేళను చూచి వినికిడి బాగుపడినదని చెప్పుట ఎట్లు? అంతేగాక, ఈ యంత్రములు మాట కాని శబ్దమును గుర్తించి తగ్గించుటకు తయారైనవి. ఒకే తీరున వేల మార్లు వచ్చు 'టిక్ టిక్' శబ్దమును అవి మాటగా భావింపవు.

ఈ కారణములచే, యంత్రమును పెట్టి బేరా తీసి, అల మెరుగుపడినది కావున యంత్రము తగినది అని చెప్పు నివేదికను మనము నమ్మరాదు. అల మెరుగుపడలేదు కావున యంత్రము పనికిరాదు అని చెప్పు నివేదిక అంతకంటె అపాయకరము.

క్లిక్కు ఒక్కటే చాలదు

యంత్రమును పెట్టి చేయు పరీక్షను పక్కనబెట్టుదము. యంత్రము లేకుండ తీసిన బేరా మాటేమి? ఇచ్చట పరీక్షకు నిజమైన విలువ కలదు. ఐతే ఎట్టి శబ్దముతో తీసిరను ప్రశ్న వేయక తప్పదు.

క్లిక్కులో అనేక పౌనఃపున్యములు కలిసియుండును. ఐనను దానికి వచ్చు అవధి ముఖ్యముగా 2000 నుండి 4000 హెర్ట్జ్‌ల ప్రాంతపు వినికిడిని తెలుపును. తక్కువ పౌనఃపున్యముల సంగతి అది చెప్పదు. తెలుగు బిడ్డకు ఇది ఏల ముఖ్యమో చూడుడు. మన మాటలలో అచ్చులు నిండుగా పలుకును; ఆ అచ్చుల బలము ఎక్కువగా 1000 హెర్ట్జ్‌ల లోపుననే యుండును. హల్లులను వేరుచేసి చూపు ఆనవాళ్ళు అంతకు పైన ఉండును. 'స' వంటి ఊష్మముల బలము 4000 హెర్ట్జ్‌ల ప్రాంతమునను, దానికి పైనను ఉండును. పాప, పాట, పాక, పాత అను నాలుగు మాటలలోను అచ్చులు ఒక్కటియే. పై పౌనఃపున్యములు వినబడని బిడ్డకు ఈ నాలుగును ఒకే మాట.

అట్టి బిడ్డ తల్లి పిలిచినప్పుడు తిరుగును, ఏలయన పిలుపులోని అచ్చులు అతనికి అందును. క్లిక్కు బేరాలో మాత్రము 90 డెసిబెల్ల వద్ద కూడ స్పందన లేదని రావచ్చును. తల్లి "నా బిడ్డకు వినబడుచున్నది" అనును. కాగితము "వినబడుట లేదు" అనును. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. తల్లి తక్కువ పౌనఃపున్యములను గూర్చి చెప్పుచున్నది, కాగితము ఎక్కువ పౌనఃపున్యములను గూర్చి చెప్పుచున్నది. దీనిని గ్రహింపక అన్ని పౌనఃపున్యములను ఒకే విధముగా పెంచు శక్తివంతమైన యంత్రమును తగిలించినచో, బాగుగా ఉన్న వినికిడికి కూడ హాని కలుగవచ్చును. బిడ్డ ఏడ్చి యంత్రమును పీకివేయును.

దీనికి మందు 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల చిన్న స్వరములతో వేరు వేరుగా బేరా తీయుట. మరి అంతటను అట్లు ఏల చేయరు? ఇందాకటి లెక్కను ఇచ్చట వాడుదము. సెకండుకు 20 చొప్పున 2000 శబ్దములకు 100 సెకండులు పట్టును. ఫలితము నిజమని తేల్చుటకు రెండుసార్లు తీయవలెను. క్లిక్కుతో రెండు చెవులకు, నాలుగు తీవ్రతల వద్ద తీసినచో మొత్తము 1600 సెకండులు, అనగా అరగంటకు లోపుననే పని ముగియును. నాలుగు పౌనఃపున్యములతో, రెండు చెవులకు, మూడేసి తీవ్రతల వద్ద తీసినచో 4800 సెకండులు, అనగా గంటా ఇరువది నిమిషములు. అంతసేపు బిడ్డ కదలక నిద్రింపవలెను. వరుసలో మరి పదిమంది తల్లులు వేచియుందురు. లోపము పరీక్షలో లేదు. పరీక్షకు ఇచ్చిన సమయములో ఉన్నది. ఒక్కరోజులో కాకున్నచో రెండవసారి పిలిచియైనను, ముందు 2000, పిమ్మట 500 హెర్ట్జ్‌ల వద్దనైనను కొలవక యంత్రమును నిర్ణయింపరాదు. అనేక పౌనఃపున్యములను ఒకేసారి పరీక్షించు స్థిరస్థితి ప్రతిస్పందన పద్ధతియు నేడు కలదు.

అల కనబడనిచో

బేరాలో అల కనబడకపోవుటకు ఒకే అర్థము లేదు. పరికరము వినిపింపగల గరిష్ఠ తీవ్రత ఒక హద్దులో ఉండును. ఆ హద్దునకు పైన మిగిలియున్న కొద్దిపాటి వినికిడిని అది చూపలేదు. చెవిలో నీరు చేరియున్నచో, శబ్దము లోపలి చెవికి చేరకయే అవధి పెరుగును. అట్టి అనుమానమున్నచో ఎముక ద్వారా శబ్దమును పంపి మరల పరీక్షింపవలెను.

వీటికంటె చిత్రమైన కారణము 1996లో వెల్లడి ఐనది. ఆర్నాల్డ్ స్టారు, ఆయన సహచరులు పదిమంది రోగులను వర్ణించిరి. వారి కర్ణావర్తములోని బాహ్య కేశకణములు పనిచేయుచున్నవి. శ్రవణనాడిలో మాత్రము సంకేతములు ఒకే తాళమునకు నడచుట లేదు. కోలాటములో అందరును ఒక్కసారి కోలలు తట్టినచో పెద్ద చప్పుడగును. ఎవరికి తోచినట్లు వారు తట్టినచో చప్పుడు చెదరిపోవును. నాడీతంతువులు తాళము తప్పినచో సరాసరిలో అల నిలువదు. అట్టివారికి శబ్దము వినబడవచ్చును గాని మాట స్పష్టము కాదు. దీనికి శ్రవణనాడీ రుగ్మత అని పేరు. ఈ స్థితిలో బేరా అవధిని బట్టి యంత్రమును అమర్చుట చీకటిలో రాయి విసరుటయే.

కావుననే బేరాతో బాటు మరియొక పరీక్ష తప్పక చేయవలెను. 1978లో లండనులో డేవిడ్ కెంపు, ఆరోగ్యముగానున్న చెవి తానే సన్నని ధ్వనిని వెలువరించునని కనుగొనెను. చెవి గొట్టములో చిన్న మైక్రోఫోనుతో దానిని వినవచ్చును. చెవి ధ్వని ఉండి బేరా అల లేకున్నచో వెంటనే నాడీ రుగ్మతను అనుమానింపవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకములో కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్స కూడ చేరినది. పేదబిడ్డలకు అది గొప్ప అవకాశము. శస్త్రచికిత్స వరకు పోవు దారి కావుననే "స్పందన లేదు" అను రెండు మాటలను మరింత జాగ్రత్తగా చదువవలెను.

కొలతనుండి యంత్రము వరకు

సరియైన బేరా అవధులు చేతికి వచ్చిన తరువాత కూడ రెండు మెట్లు కలవు. మొదటిది సవరణ. బేరా అవధి వినికిడి అవధికంటె సాధారణముగా కొంత ఎక్కువగా వచ్చును. తక్కువ పౌనఃపున్యముల వద్ద ఈ తేడా ఎక్కువ. ఒక కేంద్రములో 500 హెర్ట్జ్‌లకు 15 డెసిబెల్ల సవరణ వాడుచున్నారనుకొందము. అచ్చట 60 వద్ద అల కనబడినచో బిడ్డ వినికిడి అవధి 45 అని అంచనా. ఈ తీసివేత చేయక 60నే యంత్రపు లెక్కలో వేసినచో చెవికి కావలసినదానికంటె ఎక్కువ శబ్దము పోవును. సవరణ చేసిరో లేదో కాగితముపై స్పష్టముగా వ్రాయవలెను.

రెండవది బిడ్డ చెవి పరిమాణము. యంత్రములను సాధారణముగా 2 ఘన సెంటీమీటర్ల గది గల కొలత పాత్రలో పరీక్షింతురు. అదే శబ్దమును చిన్న గదిలోనికి పంపినచో పీడనము పెరుగును. గది సగమైనచో పీడనము రెట్టింపు, అనగా 6 డెసిబెల్లు హెచ్చు. పాతికవంతు, అనగా అర ఘన సెంటీమీటరు ఐనచో 12 డెసిబెల్లు హెచ్చు. పసిబిడ్డ చెవి గొట్టము అంత చిన్నది. అందుచే కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయములో రూపొందిన డి.ఎస్.ఎల్. సూత్రము, ఆస్ట్రేలియా జాతీయ ధ్వని ప్రయోగశాల వారి ఎన్.ఏ.ఎల్. సూత్రము వంటివాటి ప్రకారము వృద్ధిని నిర్ణయించి, చెవిలో సన్నని గొట్టముతో శబ్దమును కొలిచి సరిచూడవలెను. బిడ్డ పెరిగిన కొలది చెవి అచ్చును మార్చి మరల కొలవవలెను. యంత్రము పనిచేయుచున్నదో లేదో ఇచ్చట తేలును. యంత్రమును పెట్టి తీసిన బేరాలో కాదు.

బిడ్డ మేలుకొనియుండగా మ, గ, ట వంటి మాటధ్వనులను వినిపించి మెదడు పైపొర ప్రతిస్పందనను కొలుచు పద్ధతియు నేడు వచ్చినది. ఇది మన రైలు కాజీపేట దాటినదా అని చూచు ప్రయత్నము. సహాయకరమైనదే గాని, బిడ్డ ప్రవర్తనను గమనించుటకు ఇదియును బదులు కాదు.

మన దేశములోని ఏర్పాట్లు

మైసూరులో అఖిల భారత వాక్శ్రవణ సంస్థ 1965లో ఏర్పడినది. 1983లో బొంబాయిలో ఏర్పడిన జాతీయ సంస్థకు హైదరాబాదు వాస్తవ్యుడైన నవాబు అలీ యావర్ జంగ్ పేరు పెట్టిరి. దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదులో మనోవికాసనగరున కలదు. 1981 నుండి నడచుచున్న ఎడిప్ పథకము క్రింద తక్కువ ఆదాయము గలవారికి వినికిడి యంత్రములు లభించుచున్నవి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టు చెవుడును గుర్తింపవలసిన లోపములలో చేర్చినది. 2017లో అప్పటి కేంద్ర విజ్ఞానశాస్త్ర సహాయమంత్రి వై. ఎస్. చౌదరి 'సోహమ్' అను స్వదేశీ పరికరమును విడుదల చేసిరి. మెదడు కాండపు ప్రతిస్పందననే ఆధారముగా చేసికొని నవజాత శిశువులను వడపోయు పరికరమిది.

ఇవన్నియు మెచ్చదగినవే. ఐతే వడపోత వేరు, కొలత వేరు. వడపోత "మరల పరీక్షింపుడు" అని మాత్రమే చెప్పును. దానిని బట్టి యంత్రము ఇచ్చుటకు వీలులేదు. అట్లే, పంచిన యంత్రముల సంఖ్య ఒక్కటియే మన పనికి కొలబద్ద కారాదు. ఆరు నెలల తరువాత ఎన్ని యంత్రములు బిడ్డల చెవులపై ఉన్నవి, ఎన్ని బీరువాలో ఉన్నవి అని కూడ లెక్కింపవలెను.

కాలము ముఖ్యము. మొదటి నెలలో వడపోత, మూడవ నెలలోపుగా నిర్ధారణ, ఆరవ నెలలోపుగా యంత్రము, శిక్షణ అను నియమమును అనేక దేశములు పాటించుచున్నవి. ఆరు నెలలలోపు గుర్తింపబడి శిక్షణ పొందిన బిడ్డలకు భాష బాగుగా వచ్చుచున్నదని అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందము 1998లో చూపినది. కావున బేరాలో లోపములున్నవని చెప్పి, బిడ్డ పెద్దవాడై మీట నొక్కువరకు వేచియుండుడని చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. బేరాతో మొదలు పెట్టవలెను, బేరాతో ఆగిపోరాదు.

ఉపాధ్యాయుడు చేయదగినది

పాలకుర్తి వంటి ఊరిలో ఆ కాగితమును చదివి చెప్పగలవారిలో మొదటివాడు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. అతడు నాలుగు సంగతులు చూడవలెను. పరీక్ష క్లిక్కుతోనే చేసిరా, లేక వేరు వేరు పౌనఃపున్యములతో చేసిరా? చెవి ధ్వని పరీక్ష జరిగినదా? అంకెలకు సవరణ చేసిరా? యంత్రమును పెట్టిన తరువాత చెవిలో శబ్దమును కొలిచిరా? వీటిలో ఏది లేకున్నను తల్లి మరల పోయినప్పుడు ఆడియాలజిస్టును అడుగుటకు ఒక చిన్న కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. అది తప్పు పట్టుట కాదు, రోగి హక్కు.

ఇంటివద్ద చేయు పరీక్ష ఒకటి కలదు. వాక్శిక్షణలో పేరుగన్న డేనియల్ లింగ్ ఏర్పరచిన ఆరు ధ్వనులు ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. ఇవి మాటలోని పౌనఃపున్యముల మేరనంతటిని స్పృశించును. యంత్రము పెట్టిన బిడ్డ వెనుక నిలిచి, నోరు కనబడనీయక, ప్రతి ఉదయము ఈ ధ్వనులను మామూలు గొంతుతో పలుకవలెను. బిడ్డ తిరిగినది, తిరుగనిది తేదీ వేసి ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. ఆ, ఊ లకు తిరిగి, స్, ష్ లకు ఎన్నడును తిరుగనిచో పై పౌనఃపున్యములు అందుట లేదని తెలియును. అన్నిటికిని తిరిగిన బిడ్డ ఒకనాడు దేనికిని తిరుగనిచో ముందు బ్యాటరీని చూడవలెను, పిమ్మట చెవి అచ్చులో గుమిలి అడ్డుపడినదేమో చూడవలెను. ఒక నెల దినములు వ్రాసిన ఆ పుస్తకమును బేరా నివేదికతో బాటు ఆస్పత్రికి తీసికొనిపోయినచో, యంత్రమును సవరించువానికి మెదడు కాండపు సాక్ష్యముతో బాటు బిడ్డ సాక్ష్యము కూడ దొరకును.